బెర్బెరిన్: ఒంటికి ఎక్కువ పట్టేదే మేలైనదా?

ప్రశ్న: నా వయసు 48. ఎత్తు 154 సెం.మీ., బరువు 71 కిలోలు. మూడు నెలల కిందట పరీక్షలు చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.3, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 238 వచ్చాయి. స్కానింగులో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అన్నారు. బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా., కొలెస్టరాల్‌కు అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. రోజూ వేసుకుంటున్నాను. షుగర్ మాత్రలు ఇంకా మొదలుపెట్టలేదు. డాలస్‌లో ఉండే మా అమ్మాయి సంక్రాంతికి వచ్చినప్పుడు బెర్బెరిన్ సీసాలు రెండు తెచ్చింది. ఒకటి మామూలుది, 500 మి.గ్రా. ఇంకొకటి ఫైటోసోమ్ రకం, 550 మి.గ్రా. అది పది రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుందట, ధర కూడా రెట్టింపు. తను కూడా పీసీఓడీకి ఇదే వాడుతోంది. మూలికే కాబట్టి భయం లేదంటోంది. రెండింటిలో ఏది వేసుకోమంటారు? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ప్రస్తుతానికి రెండు సీసాల మూతా తీయకండి. వద్దు అని తేల్చేసే ముందు సంగతేమిటో వివరంగా చెబుతాను. మీరు అడిగిన ప్రశ్న నా దగ్గరికి ఈ మధ్య వారానికి ఒకసారైనా వస్తోంది, అందరూ అడిగేదీ ఇదే: ఏది ఎక్కువ ఒంటికి పడుతుంది?

బెర్బెరిన్ మనకు కొత్త సరుకు కాదు. మానుపసుపు అని పచారీ కొట్లలో, దారుహరిద్ర అని ఆయుర్వేద దుకాణాల్లో దొరికే చెక్కకు ఆ పసుపు రంగు దీని వల్లనే వస్తుంది. ఆ చెక్కను కాచి చిక్కబరిస్తే వచ్చే రసాంజనాన్ని పాత వైద్యులు కళ్ల జబ్బులకు వాడేవారు. చైనాలో దీన్ని విరేచనాలకు ఇచ్చేవారు. 2023లో సోషల్ మీడియా దీనికి 'ప్రకృతి ఇచ్చిన ఒజెంపిక్' అని పేరు పెట్టాక గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఒజెంపిక్ అంటే షుగర్‌కు, బరువు తగ్గడానికి వాడే ఇంజెక్షన్. ఆ పోలిక శుద్ధ అతిశయోక్తి. బరువు విషయంలో దీని వల్ల తగ్గేది బహు స్వల్పం.

షుగర్, కొలెస్టరాల్ విషయంలో మాత్రం దీన్ని కొట్టిపారేయలేం. 2008లో చైనాలో 36 మంది కొత్త షుగర్ రోగుల్లో కొందరికి మెట్‌ఫార్మిన్ (షుగర్‌కు సాధారణంగా మొదట ఇచ్చే మాత్ర), కొందరికి బెర్బెరిన్ 500 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు మూడు నెలలు ఇచ్చి చూశారు. బెర్బెరిన్ వాడినవారి హెచ్‌బీఏ1సీ సగటున 9.5 నుంచి 7.5కు దిగింది, అంటే మెట్‌ఫార్మిన్‌తో ఇంచుమించు సమానంగా. అదే ఏడాది మరో అధ్యయనంలో రోజుకు ఒక గ్రాము వాడినవారికి 7.5 నుంచి 6.6కు తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు మూడో వంతుకు పైగా తగ్గాయి. ఇవి చిన్న అధ్యయనాలు, మూడు నెలల ముచ్చట. పైగా 9.5 దగ్గర ఉన్నవారికి రెండు పాయింట్లు తగ్గిందని 6.3 దగ్గర ఉన్న మీకూ అంత తగ్గుతుందని లెక్క వేసుకోకూడదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ ఫలితాలన్నీ మామూలు బెర్బెరిన్‌తో వచ్చినవే. 'ఒంటికి పట్టదు' అని ఇప్పుడు అమ్మకందారులు పక్కన పెట్టేస్తున్న రకం అదే.

అది రక్తంలోకి సరిగా చేరదన్న మాట నిజమే. ఎలుకల్లో కొలిచి చూస్తే మింగినదాంట్లో ఒక శాతం కూడా రక్తానికి అందలేదు. పేగు గోడలో పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చిన బెర్బెరిన్‌ను అది మళ్లీ పేగులోకే తోసేస్తుంది. దాటుకుని వచ్చిన కాస్తను కాలేయం పట్టేసుకుంటుంది. మరి షుగర్ ఎలా తగ్గినట్టు? అది చేసే పనిలో మంచి భాగం పేగులోనే జరిగిపోతుంది కాబట్టి. పిండిపదార్థాలు చక్కెరగా మారే వేగాన్ని తగ్గించడం, పేగులోని సూక్ష్మజీవుల తీరును, పైత్యరస లవణాలను మార్చడం, వీటికి రక్తంలోకి వెళ్లాల్సిన అవసరమే లేదు. మిగిలిన పని కాలేయంలో జరుగుతుంది. రక్తంలో కంటే అక్కడ మందు మోతాదు ఎక్కువగా ఉంటుంది. గుమ్మం దగ్గర పాలు పోసి వెళ్లే మనిషిని, హాల్లోకి వచ్చి కూర్చోలేదేమని ఎవరం అడగం కదా.

దీనికి చిన్న రుజువు కూడా ఉంది. డైహైడ్రోబెర్బెరిన్ అని ఇంకో ఖరీదైన రకం వస్తోంది. అమెరికాలో ఐదుగురికి దాన్ని ఇచ్చి మామూలు రకంతో పోల్చారు. 100 మి.గ్రా. వేసుకున్నా 500 మి.గ్రా. మామూలు బెర్బెరిన్ కంటే రక్తంలో ఎక్కువ మోతాదు కనిపించింది. గ్లూకోజు, ఇన్సులిన్ అంకెల్లో మాత్రం తేడా లేదు. ఐదుగురితో చేసినదాన్ని పట్టుకుని తీర్పు చెప్పలేం, నిజమే. కానీ సీసా మీద పెద్ద అక్షరాలతో వేసుకునే గొప్పకు ఆధారం ఆ మొదటి సగమే. రెండో సగం ఆ సీసా మీద ఎక్కడా కనపడదు.

మీ ఫైటోసోమ్ లెక్క కూడా ఒకసారి చూద్దాం. ఫైటోసోమ్ అంటే బెర్బెరిన్‌ను లెసితిన్ అనే కొవ్వు పదార్థంతో కలిపి చేసినది. 550 మి.గ్రా. అన్నది ఆ మొత్తం మిశ్రమం బరువు. అందులో అసలు బెర్బెరిన్ సుమారు మూడో వంతే. పది రెట్లు అన్నది మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము పోల్చి చెప్పే మాట. మాత్రకు మాత్ర పోలిస్తే ఆ అంకె అంత ఉండదు. మోసం అనను గానీ, కొనేవారు 550ని, 500ని పక్కపక్కన పెట్టి చూసుకుంటారని అమ్మేవారికి తెలియకుండా ఉండదు.

ఇక నాకు అసలు బెంగ ఎక్కడంటే, ఒంటికి ఎక్కువ పట్టడం అనేదాన్ని అందరూ మంచి గుణంగానే చూస్తున్నారు. పేగు గోడలోని ఆ పంపు మనకు కాపలాదారు. బయటివాటిని లోపలికి రానివ్వకపోవడం దాని పని. దాన్ని ఏమార్చి లోపలికి పంపాం అంటే, మూలిక కాస్తా మందైపోయినట్టే. మందుకు ఉండే మంచీ చెడూ రెండూ అప్పుడు దానికీ వస్తాయి.

పసుపు సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. 1998లో బెంగళూరులో చేసిన అధ్యయనంలో పసుపులోని కర్‌క్యుమిన్ 2 గ్రాములతో మిరియాల్లోని పైపరిన్ 20 మి.గ్రా. కలిపి ఇస్తే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగింది. ఈనాటికీ ఎన్నో పసుపు క్యాప్స్యూల్ డబ్బాల మీద ఆ అంకె మెరుస్తూనే ఉంది. 2022లో అమెరికా వైద్యులు పసుపు సప్లిమెంట్ల వల్ల కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలు ప్రచురించారు. ఐదుగురు ఆస్పత్రిలో చేరారు, ఒకరు కాలేయం పూర్తిగా విఫలమై మరణించారు. వారిలో కొందరు వాడిన ఉత్పత్తులను పరీక్షకు పంపితే ఏడింటిలో మూడింట్లో పైపరిన్ కూడా ఉంది. జన్యుపరంగా కొందరికే ఆ ప్రమాదం ఎక్కువని కూడా తేలింది. పప్పులో వేసే చిటికెడు పసుపుకూ, చారులో మిరియాలకూ దీనితో పోలిక లేదు. వంటింటి మీద అనుమానం పెట్టుకోకండి.

ఇప్పుడు మీ మాత్రల దగ్గరికి వస్తాను. అటోర్వాస్టాటిన్, ఆమ్లోడిపిన్ రెండూ కాలేయంలో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ ద్వారా అరిగిపోయేవే. ఆరోగ్యవంతులకు రోజుకు 900 మి.గ్రా. బెర్బెరిన్ రెండు వారాలు ఇచ్చి చూస్తే ఆ ఎంజైమ్ పని మందగించింది. అంటే మీరు వేసుకునేది అదే 10 మి.గ్రా. అయినా ఒంట్లో అంతకంటే ఎక్కువ వేసుకున్నట్టు నిలవ ఉండవచ్చు. తొడల్లో, పిక్కల్లో నొప్పులు, పాదాల వాపు, లేచి నిలబడితే కళ్లు తిరగడం లాంటివి వస్తే ఎవరూ మూలిక మీద అనుమానపడరు. 'వయసు వచ్చింది' అనుకుంటారు. రక్తం పలచబడే మందులు, అవయవమార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ తీసుకునేవారైతే దీని జోలికే వెళ్లకూడదు.

కిందటి నెల ఒకాయన నా గదిలోకి వచ్చి, జేబురుమాలుతో నుదురు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఉదయం పదకొండు గంటలకు ఫ్యాను కింద చెమటలు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 62. షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతున్న మనిషి. మోతాదు మార్చలేదు, టిఫిను మానలేదు. పావుగంట పాటు గ్లూకోజు తాగించి మాట్లాడిస్తే, సంచిలోంచి సీసా ఒకటి బయటికి తీశారు. 'ఇది మందు కాదు డాక్టరు గారూ, ఆకు లాంటిది' అన్నారు. క్యాప్స్యూల్ ఒకటి విప్పి మందులు రాసే కాగితం మీద పోశాను. గంధకంలా నిగనిగలాడే పసుపు. వేలి కొనతో నాలుకకు తాకిస్తే ఆ చేదు సాయంత్రం కాఫీ దాకా వదల్లేదు, వేలి రంగు మర్నాటికి గానీ పోలేదు. ఆయనకు కూడా రుచి చూపించాను. 'ఇంత చేదుగా ఉన్నది ఏ పనీ చేయకుండా ఊరుకుంటుందా?' అంటే నవ్వారు.

సీసాలో ఉన్నదెంత అన్నది ఇంకో చిక్కు. అమెరికాలో దొరికే 15 బెర్బెరిన్ ఉత్పత్తులను పరీక్షిస్తే తొమ్మిదింట్లో లేబుల్ మీద రాసినదాంట్లో 90 శాతం కూడా లేదు. అక్కడ 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంట్లు అమ్మడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. కాబట్టి నాణ్యత పరీక్షించే స్వతంత్ర సంస్థలైన యూఎస్‌పీ లేదా ఎన్ఎస్ఎఫ్ ముద్ర ఉన్నవే కాస్త నమ్మదగ్గవి. మన దగ్గర ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్య చూడాలి. దాని పక్కనే 'ఔషధ వినియోగానికి కాదు' అన్న భావంతో ఇంగ్లిషులో ఒక హెచ్చరిక కూడా ఉంటుంది. మనం వాడుతున్నది మాత్రం సరిగ్గా అందుకే.

మరి మీకు ఏం చేయమంటాను? మూడు నెలలయింది కాబట్టి ముందు ఖాళీ కడుపుతో పరీక్షలన్నీ మళ్లీ చేయించండి, ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్ష), థైరాయిడ్ కూడా కలపండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. హెచ్‌బీఏ1సీ మళ్లీ 6.3 చుట్టుపక్కలే ఉంటే, మూలిక కంటే ముందు మెట్‌ఫార్మిన్ గురించి మీ డాక్టరును అడగండి. దాని మూలం కూడా ఒక మొక్కే. ఐరోపాలో పెరిగే గలీగా అనే మొక్కలోని పదార్థం నుంచి ఆ దారి మొదలైంది. మాత్ర రెండు రూపాయల లోపు. 2006లో వెలువడిన చెన్నై అధ్యయనంలో మీలా సరిహద్దులో ఉన్న 531 మందిని గమనించారు. ఆహారం, నడక మార్చుకున్నవారిలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ వాడినవారిలో 26.4 శాతం. బెర్బెరిన్ గురించి ఇలా ఏళ్ల తరబడి మన వాళ్ల మీద చూసిన లెక్క లేదు.

ఫ్యాటీ లివర్‌కు బరువులో ఏడు శాతం తగ్గితే కాలేయంలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మీకు అది ఐదు కిలోలు. మధ్యాహ్నం అన్నం ఇప్పుడు పెట్టుకునేదాంట్లో సగం చేసి ఆ ఖాళీని కూరతో, పప్పుతో నింపండి. రాత్రి భోజనమయ్యాక పావుగంట నడవండి. టీలో చక్కెర సంగతి మీరు రాయలేదు, నేను అడగను, మీకే తెలుసు.

ఇంత చెప్పినా ఆ సీసా వృథా చేయడం ఇష్టం లేకపోతే, మీ డాక్టరు ఒప్పుకుంటే, మామూలు 500 మి.గ్రా. రకమే చాలు. రాత్రి భోజనంతో రోజుకు ఒకటి చొప్పున రెండు వారాలు. మలబద్ధకమో, విరేచనాలో, కడుపునొప్పో లేకపోతే రోజుకు రెండు. నెల తర్వాత ఎస్‌జీపీటీ చూడాలి, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ, కొవ్వులు. అంకెలు కదలకపోతే అక్కడితో ఆపేయండి. 'ఇంకో సీసా వాడి చూద్దాం' అన్న మాట వద్దు. రెండో సీసా మూత పెట్టే ఉంచండి.

మీ అమ్మాయి విషయం మాత్రం ఆలస్యం చేయకండి. పీసీఓడీ ఉన్నవారికి నెలసరి దారిలో పడుతున్న కొద్దీ గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, కొన్నిసార్లు తెలియకుండానే. బెర్బెరిన్ గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు పనికిరాదు. పుట్టిన బిడ్డ రక్తంలో బిలిరుబిన్‌ను (కామెర్లు తెచ్చే పసుపు పదార్థాన్ని) ప్రొటీన్ పట్టు నుంచి ఇది తప్పిస్తుంది, ఆ కామెర్లు మెదడు దాకా పోయే ప్రమాదం ఉంది. శిశువుల్లో పచ్చకామెర్ల భయంతోనే సింగపూర్ 1978లో దీన్ని నిషేధించి దశాబ్దాల పాటు ఆ నిషేధాన్ని అలాగే ఉంచింది. పిల్లల కోసం చూస్తోందేమో, నెలసరి ఎప్పుడు వచ్చిందో కనుక్కోండి. ఏమాత్రం అవకాశం ఉన్నా ఆపేయమనండి, అక్కడి గైనకాలజిస్టుకు సీసా చూపించమనండి. డాలస్‌లో తెల్లవారగానే ఫోను చేయండి.