సెక్రటరీ గారు అరవరు

నాయనా,

నీ కథ నిన్న సాయంత్రం చేరింది. రాత్రికే చదివాను. చదివినాక నిద్ర పట్టలేదు. మెచ్చుకోలుతో పట్టలేదనుకోవద్దు, కోపంతో పట్టలేదు.

ఒంగోలు డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్సు లెక్చరరు ఎన్నికల ఖర్చు మీద క్లాసులో చర్చ పెడతాడు. ఎమ్మెల్యే కూడా అయిన కాలేజీ సెక్రటరీ అతన్ని పిలిపించి పేజీన్నర అరుస్తాడు. ఇతను ఇంకో పేజీన్నర ఉపన్యాసం ఇచ్చి, రాజీనామా కాగితం బల్ల మీద కొట్టి బయటికొస్తాడు. మర్నాడు గేటు కాడ పిల్లలు చప్పట్లు కొడతారు. ఇందులో ఒక్క వాక్యం నన్ను పట్టుకుంది. రాజీనామా ఇచ్చిన రాత్రి అన్నం వడ్డిస్తూ అతని భార్య అడుగుతుంది: "ఒరిజినల్స్ ఇచ్చారా?" చేరినప్పుడు కాలేజీ అట్టిపెట్టుకున్న అసలు సర్టిఫికెట్ల సంగతి అది. లెక్చరరు జవాబు చెప్పడు. నువ్వు కూడా చెప్పకుండా చప్పట్ల కాడికి పరిగెత్తావు. నీ కథంతా ఆ ప్రశ్నలో ఉంటే నువ్వు దాన్ని దాటుకుని పోయావు.

ప్రైవేటు కాలేజీలో పనిచేస్తున్నానని రాశావు కాబట్టి నీకు తెలిసే ఉండాలి. సెక్రటరీ గారు అరవరు. చాలా కాలేజీల్లో ఆయన లెక్చరర్లకు కనిపించనే కనిపించరు. ప్రిన్సిపాల్ టీ తెప్పించి, కుర్చీ చూపించి, "పైనించి ఒక మాట వచ్చింది సార్, మీ మంచి కోరి చెప్తున్నా" అంటాడు. చర్చ సంగతి ఎత్తడు. వచ్చే ఏడు బి.ఏ.లో అడ్మిషన్లు ఎట్టుంటాయో చూడాలంటాడు. జూన్ వస్తుంది. 2023-24 నుంచి డిగ్రీలో ఒక్క సబ్జెక్టునే ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది కదా, ఏ మేజర్ పెట్టాలో ఏది ఎత్తెయ్యాలో తేల్చుకోవడానికి మంచి వీలు దొరికింది. పిల్లలు చేరలేదంటారు, పొలిటికల్ సైన్సు ఎత్తేస్తారు. నీ లెక్చరర్ని ఎవరూ తీసెయ్యలేదు. అతనికి చెప్పుకోను పాఠం లేదు, అంతే.

ఇది చట్టం తెలిసి చేసే పని. 1982 నాటి మన రాష్ట్ర విద్యా చట్టంలో 79వ సెక్షన్ చూడు. ప్రైవేటు విద్యాసంస్థలో ఉద్యోగిని తొలగించాలంటే పాటించాల్సిన పద్ధతి అందులో ఉంది. తొలగిస్తే కదా పద్ధతి! నీ కథలో రాజీనామా రాయించి సెక్రటరీకి ఆ శ్రమ కూడా తప్పించావు. ఏ కాలేజీ యజమానికైనా అంతకన్నా సుఖమైన ముగింపు ఉండదు.

నేను ఎప్పట్నించో కొత్తవాళ్ళతో పోరుతున్న మాట ఒకటుంది. చదువు మీద పెత్తనం గురించి రాయదలిస్తే ముందు జీతం ఎక్కణ్ణించి వస్తుందో రాయి. టైంటేబులు ఎవరేస్తారో రాయి. సర్టిఫికెట్లు ఎవరి బీరువాలో ఉన్నాయో రాయి. నీ ఆవేశం ఆ తర్వాత. ఆ మూడూ సరిగ్గా రాస్తే చాలాసార్లు ఆవేశం అక్కర్లేకుండానే కథ నిలబడుతుంది.

జీతం సంగతే తీసుకో. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మా పక్క మెట్ట ఊళ్ళలో కూలీల పిల్లలు ఇంజనీర్లయ్యారు. నా కళ్ళతో చూశాను, ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నాకు పొసగదు. కానీ ఆ డబ్బు ఎప్పుడు విడుదలవుతుందో సర్కారు చేతిలో పని. కొన్నేళ్ళు తల్లుల ఖాతాల్లో పడింది, అంతకు ముందు కాలేజీలకే పోయేది. ఎట్టా పోయినా, బకాయి పడిందంటే మేనేజ్‌మెంట్ లెక్చరర్లతో చెప్పే మాట ఒకటే: "రీయింబర్స్‌మెంట్ రాలేదు, జీతాలు వచ్చే నెల చూద్దాం." ఇప్పుడు చెప్పు. బకాయి రావాల్సిన యజమాని ఏ ప్రభుత్వాన్నైనా నొప్పిస్తాడా? ఆ యజమాని జీతం కోసం చూసే లెక్చరరు క్లాసులో ఏం మాట్లాడతాడు? పార్టీ సభ ఉందంటే కాలేజీ బస్సులు పోతాయి. ఆ రోజు క్లాసులుండవు. బస్సులు పంపమని కాగితం మీద ఎవరూ రాసివ్వరు. రాసేవాడివి నువ్వు కాబట్టి ఆ కాగితం లేకపోవడాన్ని కూడా నువ్వే రాయాలి.

ఇంకోటి ఉంది, దీన్ని మన కథకులెవరూ ముట్టుకోగా నేను చూడలేదు. మన ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు కలిపి శాసనమండలికి ఒక టీచర్ల నియోజకవర్గం ఉంది కదా. 2023 మార్చిలో ఎన్నిక జరిగింది. టీచరుగా ఓటు నమోదు చేసుకోవాలంటే ఫారం 19 నింపాలి. గడిచిన ఆరేళ్ళలో మూడేళ్ళు పాఠం చెప్పినట్టు సంస్థ అధిపతి ధ్రువీకరించాలి. మేధావులు తమ ప్రతినిధిని తాము ఎన్నుకుంటారని రాజ్యాంగం 171వ అధికరణంలో పెట్టిన ఏర్పాటు ఇది. ప్రైవేటు కాలేజీలో ఆ ఓటు యజమాని సంతకంతో పుడుతుంది. ఎన్నికలప్పుడు స్టాఫ్ రూములో జరిగే మాటలు, ఎవరి ఫారాలు ముందు పోయాయి, ఎవరివి ఆగాయి. ఇందులో ఒక నవల ఉంది. నువ్వు ఆ గదిలో కూర్చుని టీ తాగుతున్నావు, నేను బయటున్నాను.

ఒరిజినల్స్ ప్రశ్న నన్నెందుకు పట్టుకుందో చెప్తాను.

నేను మొదట చేరింది నెల్లూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో, తెలుగు లెక్చరరుగా. చేరిన రోజే పదో తరగతి నుంచి ఎం.ఏ. దాకా సర్టిఫికెట్లన్నీ ఆఫీసులో పెట్టమన్నారు. పెట్టాను. అందరూ పెట్టారు. ఎండాకాలం వచ్చింది. సెలవులనుకుంటే క్యాంపెయిన్ అన్నారు. కరపత్రాల కట్ట చేతిలో పెట్టి, పొదలకూరు, ఉదయగిరి దిక్కు ఊళ్ళు పంచారు. ఇన్ని అడ్మిషన్లు తెస్తే మే నెల జీతం పూర్తిగా, లేకపోతే సగం. ఒక ఊళ్ళో రైతు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. "నువ్వేం చెప్తావు సార్?" అని అడిగాడు. తెలుగన్నాను. "మావాడికి సంస్కృతం ఇప్పిస్తారంట గదా, మార్కులు బాగా పడతాయంట" అన్నాడు. ఆ మాట మా కరపత్రంలోదే. నేనే ఆయన చేతికిచ్చాను.

రెండో భాషగా సంస్కృతం తీసుకుంటే మొత్తం మార్కులు పెరుగుతాయి, ర్యాంకుల ప్రకటనకి బాగుంటుంది. అందుకని ఇంటర్లో తెలుగు తీసేసిన కాలేజీలు ఎన్నో. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఆ సంస్కృతాన్ని తెలుగు లిపిలోనే రాసి మార్కులు తెచ్చుకుంటారు. సంస్కృతం రాదు, తెలుగు పోతుంది. తిక్కన కూర్చుని భారతం రాసిన ఊళ్ళో పదహారేళ్ళ పిల్లవాడు తిక్కన పద్యం ఒక్కటి చదవకుండా ఇంటర్ దాటుతున్నాడు. ఏ మంత్రీ ఏ ఉత్తర్వూ ఇవ్వలేదు. ఏ పుస్తకాన్నీ ఎవరూ నిషేధించలేదు. నాకు దీన్ని తలుచుకుంటే ఈ వయసులో కూడా గొంతు పూడుకుపోతుంది.

తర్వాత కావలి పక్క ఒక ఎయిడెడ్ కాలేజీలో పోస్టు వచ్చింది. చేరడానికి ఒరిజినల్స్ కావాలి. పాత కాలేజీలో అడిగితే జూన్ అడ్మిషన్లయ్యాక రమ్మన్నారు. జూన్ అయింది, నా చోట ఇంకో లెక్చరరు దొరికేదాకా ఆగమన్నారు. చివరికి మా మామగారు ఒక నాయకుడి ఇంటికి తీసుకుపోయారు. ఆయన ఫోన్ ఎత్తి రెండు ముక్కలు మాట్లాడాడు, సాయంత్రానికి కవరు ఇంటికొచ్చింది. ఆయన పుట్టినరోజుకి అభినందన పద్యాలు నేను రాసివ్వాల్సొచ్చింది. సీస పద్యాలే కావాలన్నారు. కాలేజీ బీరువాకీ నాయకుడి ఫోన్‌కీ మధ్య దారి ఎంత దగ్గరో ఆ రోజు చూశాను.

ఎయిడెడ్ కాలేజీలో కాలేజీ ట్రస్టుది, జీతం ఖజానాది. ఇద్దరు యజమానులుంటే ఎవరికీ పూర్తిగా తలొగ్గనక్కర్లేదు. మా తరంలో క్లాసులో నోరు తెరిచిన లెక్చరర్లు చాలామంది ఆ ఎడంలోనే బతికారు. కావలి జవహర్ భారతి కాలేజీలో పాఠాలు చెప్పిన కవి, విమర్శకుడు కె.వి. రమణారెడ్డి గారు ఎమర్జెన్సీలో జైలుకి పోయారు. ఆ రోజుల్లో ప్రభుత్వానికి లెక్చరరు నోరంటే భయముండేది. 2021లో ఎయిడెడ్ సంస్థల్ని తమ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించమన్నారు. చాలా కాలేజీలు అప్పగించాయి, లెక్చరర్లను ప్రభుత్వ కాలేజీలకు సర్దారు. జీతాలు పోలేదు కాబట్టి పెద్ద గోల కాలేదు. పోయింది ఆ ఎడం. దాని మీద ఒక్క మంచి కథ నా కంటబడలేదు.

నీ ఉత్తరంలో ఢిల్లీ పక్క సోనీపట్‌లో ఉన్న ప్రైవేటు యూనివర్సిటీ అశోకా గురించి రాశావు, కథకి అదే ప్రేరణ అన్నావు. 2021లో ప్రభుత్వాన్ని విమర్శిస్తూ రాసే ప్రొఫెసర్ ప్రతాప్ భాను మెహతా రాజీనామా, 2023లో ఎన్నికల మీద పరిశోధనా పత్రం రాసిన సవ్యసాచి దాస్ రాజీనామా, రెండూ నాకు గుర్తున్నాయి. మెహతా లేఖలో గమనించాల్సింది ఒకటుంది. తన సంబంధం యూనివర్సిటీకి రాజకీయంగా బరువుగా మారిందని వ్యవస్థాపకుల్ని కలిశాక అర్థమైందన్నాడు. అక్కడ కూడా ఎవరూ అరవలేదు, చూడు. కానీ ఆయన రాజీనామా దేశమంతా పత్రికల్లో వచ్చింది. కనిగిరిలాంటి చిన్న ఊరి లెక్చరరు రాజీనామా ఎక్కడా రాదు. ఢిల్లీ పక్కన జరిగినదాన్ని తెచ్చి ఒంగోలు మనిషికి తొడిగావు, అందుకే నీ లెక్చరరు తెలుగులో మాట్లాడుతున్నా నాకు వినపడలేదు.

మనకి మన చరిత్ర తక్కువా? 1983లోనే మన రాష్ట్రంలో క్యాపిటేషన్ ఫీజు నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1992లో ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతుల్ని హైకోర్టు కొట్టేసింది, ఆ వ్యవహారంలోనే ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు పదవి వదిలారు. వాకాడు మనిషి, మన జిల్లా మనిషి. కాలేజీ అనుమతి కాగితం మీద ఒక ముఖ్యమంత్రి దిగిపోయిన రోజుల్ని మీ నాన్నని అడుగు, టీ కొట్ల కాడ ఏం మాట్లాడుకున్నారో చెప్తాడు. ఆ తర్వాత ప్రైవేటు కాలేజీలు తగ్గాయా పెరిగాయా, ఎందుకు? దాని వెంట పో.

పత్రికల సంగతి అడిగావు. క్యాంపెయిన్ మీద నేను రాసిన కథ ఒక పెద్ద పత్రిక ఆదివారం అనుబంధానికి పంపితే ఎడిటరు ఫోన్ చేశాడు. "కథ బాగుంది, కానీ జూన్ నెల సార్" అన్నాడు. జూన్‌లో ర్యాంకుల ప్రకటనలు మొదటి పేజీ నిండా వస్తాయి. కాలేజీని చిట్‌ఫండ్ కంపెనీగా మారిస్తే వచ్చే వారమే వేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. అది కొన్ని వందల కాపీల చిన్న పత్రికలో వచ్చింది, చదివిన లెక్చరర్లు ఉత్తరాలు రాశారు. ఆ ఎడిటరు తర్వాత సభల్లో భావప్రకటనా స్వేచ్ఛ మీద మాట్లాడగా విన్నాను. నేను లేచి వచ్చేశాను, ఇప్పటికీ ఆయన ఉన్న వేదిక ఎక్కను. కథల పోటీలంటావా, అక్కడ న్యాయనిర్ణేతలకి కొసమెరుపు కావాలి. నీ చప్పట్లు వాళ్ళ కోసం పెట్టినవేనని నాకు అనుమానం. తీసెయ్.

మారుపేరుతో రాయొచ్చా అన్నావు. ప్రభుత్వ ఉద్యోగికి 1964 నాటి ప్రవర్తనా నియమాలున్నాయి. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదని అందులో ఉంది. అది ఉంది కాబట్టి దానితో కొట్లాడొచ్చు, కోర్టుకి పోవచ్చు. నీకు రాసిపెట్టిన నియమం ఏదీ లేదు, నిన్ను ఆపేది కనిపించదు. ఇంట్లో వాళ్ళతో మాట్లాడి నువ్వే తేల్చుకో. ఏ పేరుతో వచ్చినా నేను చదువుతాను.

కథ మళ్ళీ రాయి. భార్య ప్రశ్నతో మొదలుపెట్టు. సెక్రటరీని ఒక్క చోట కూడా గదిలోకి రానివ్వొద్దు. ప్రిన్సిపాల్‌ని మంచివాడిగా రాయి. అతనికీ కూతురి పెళ్ళి ఉంది, అతని సర్టిఫికెట్లూ అదే బీరువాలో ఉన్నాయి. చర్చలో మాట్లాడిన పిల్లల్లో ఒకరి నోటి మాట నాకు వినిపించు. నీ కథలో వాళ్ళు చప్పట్లు తప్ప ఏమీ మాట్లాడలేదు. మార్చిలో పరీక్షల డ్యూటీలు పడకముందే పంపు. ఫోన్‌లో ఫోటోలు తీసి పంపొద్దు, నా కళ్ళకి ఆనదు. కాగితం మీద, పెద్ద అక్షరాలతో, పోస్టులో పంపు.