చెక్క కాళ్లను కాంక్రీటులో పాతొద్దు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు, కొలతలు చూశాను. భీమిలి ఇంటి పెరట్లోంచి డాబా మీదకు చెక్క మెట్లు పెట్టించాలనుకోవడం బాగానే ఉంది. టేకు కొన్నావు కాబట్టి సగం దిగులు తీరింది. మేస్త్రి చెప్పిన పద్ధతే నాకు నచ్చలేదు. మెట్ల కింద కాంక్రీటు దిమ్మ పోసేటప్పుడే మెట్ల రెండు కాళ్లనూ అరడుగు లోపలికి దించి కాంక్రీటు పోసేస్తే ఇక కదలవని అన్నాడట కదా. మొదటి రెండు మూడేళ్లు కదలవు, నిజమే. తర్వాత సంగతి ఆయన చూడడు, నువ్వు చూస్తావు.

వానకు చెక్క ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కాంక్రీటుకు ఆ గొడవ లేదు. ఒక వేసవి గడిచేసరికి రెండింటి మధ్య వెంట్రుకవాసి సందు వస్తుంది. తొలకరి నీళ్లు అందులోకి దిగుతాయి, బయటికి పోయే దారి ఉండదు. పైన ఎండ కొట్టి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం నెలల తరబడి తడి. పుచ్చు పట్టాలంటే తడీ కావాలి, గాలీ కావాలి. రెండూ కలిసేది సరిగ్గా దిమ్మ పైఅంచు దగ్గరే. అందుకే పాతిన కర్ర ఎప్పుడూ నేల మట్టం దగ్గరే విరుగుతుంది. మన ఊళ్లో పాత కంచె గుంజలు చూడు, అన్నీ అక్కడే పోయి ఉంటాయి. పైకి పాలిష్ నిగనిగలాడుతూనే ఉంటుంది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే తడిసిన బెల్లంలోకి దిగినట్టు దిగుతుంది. అప్పుడు మార్చాలంటే దిమ్మే పగలగొట్టాలి. టేకు కదా అనుకోకు. పుచ్చును తట్టుకునేది దాని చేవ, అంటే లోపలి ముదురు భాగం మాత్రమే, అంచున ఉండే తెల్లభాగం మామూలు కర్రే. పైగా పాతిన చోట చెదలు ఎక్కినా కంటికి కనపడదు.

కాబట్టి చెక్కకూ దిమ్మకూ మధ్య లోహం ఉండాలి, కింద గాలి ఆడాలి. మెట్లను రెండు పక్కలా మోసే ఏటవాలు దూలాలు ఉన్నాయి కదా, ఒక్కోదాని కింద యు ఆకారంలో ఒక షూ చేయించు. ఆరు ఎంఎం ప్లేటు చాలు. దూలం కూర్చునే చోటు, దిమ్మ మీద ఆనే కింది ప్లేటుకు అంగుళం ఎత్తులో ఉండాలి, అందులో రెండు రంధ్రాలు కొట్టించాలి. లేకపోతే ఆ షూయే గిన్నెలా నీళ్లు పట్టుకుంటుంది. దూలానికీ షూకీ అడ్డంగా రెండు పది ఎంఎం బోల్టులు, రెండు వైపులా వెడల్పాటి వాషర్లు. ఒక్క బోల్టయితే దాని చుట్టూ తిరుగుతుంది.

సముద్రం పక్కన ఉన్నావు కాబట్టి లోహం దగ్గర పిసినారితనం పనికిరాదు. ఉప్పుగాలికి జీఐ, అంటే జింకు పూసిన ఇనుము మీది పూత త్వరగా కరిగిపోతుంది. ఆ తర్వాత ఇనుము టేకుకు తగిలిన చోటల్లా నల్లటి మరకలు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలులోనూ 304 రకం ఒడ్డున గోధుమరంగుకు తిరుగుతుంది. 316 తీసుకో, అందులో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును బాగా తట్టుకుంటుంది. షాపువాడు అయస్కాంతం పెట్టి “చూడండి సార్, అతుక్కోవట్లేదు” అంటాడు. 304 కూడా దాదాపు అలాగే ఉంటుంది, ఆ పరీక్షతో తేడా తెలియదు. బోల్టు తల మీద చూడు. ఏ2 అని ఉంటే 304, ఏ4 అని ఉంటే 316. నట్లు, వాషర్లు కూడా అదే రకం కావాలి. స్టెయిన్‌లెస్ బోల్టుకు జీఐ ప్లేటు జోడిస్తే తడి తగిలిన చోట ముందు ప్లేటే పాడవుతుంది.

దిమ్మ సంగతి మేస్త్రికి తెలిసిందే, నాలుగు మాటలు మాత్రం గుర్తుచెయ్యి. మీది ఇసుక నేల, గట్టిగా దిమ్మిస కొట్టించాకే పొయ్యాలి. మందం ఆరంగుళాలకు తగ్గొద్దు. పైభాగం నేలకంటే నాలుగంగుళాలు పైకి ఉండాలి, మెట్ల నుంచి బయటివైపు అడుక్కి పావు అంగుళం వాలు ఉండాలి. దిమ్మ ఎత్తు తేలాకే మెట్ల ఎత్తు లెక్కవేయమని వడ్రంగికి చెప్పు. కింది మెట్టు ఒక్కటి పొట్టిదో పొడుగుదో అయితే అమ్మ అక్కడే తడబడుతుంది. ఏడంగుళాల దగ్గర అన్నీ సమానంగా ఉంటే ఆవిడ మోకాళ్లకు సుఖం.

ఇక బోల్టులు. మెట్లు కిందికి కుంగుతాయని అందరూ భయపడతారు కానీ అసలు ఇబ్బంది మెట్ల కింది కొస ముందుకు జారడం. ఏటవాలుగా ఉన్న దూలం మనిషి ఎక్కిన ప్రతిసారీ కింది కొసను బయటికి తోస్తుంది. పైన గోడ దగ్గర బిగింపు కాస్త వదులైతే ఆ తోపు ఇంకా పెరుగుతుంది. పైకి లేచే ప్రమాదమూ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రేకులు, హోర్డింగులు ఏమయ్యాయో నీకు వేరే చెప్పక్కర్లేదు. అందుకని ఒక్కో షూకి 12 ఎంఎం యాంకర్ బోల్టులు రెండు వెయ్యి, దూలానికి లోపలి పక్క ఒకటి, బయటి పక్క ఒకటి. దిమ్మ అంచు నుంచి అయిదంగుళాలైనా లోపలికి ఉండాలి. ఈ బోల్టు కాంక్రీటులో విచ్చుకుని పట్టుకుంటుంది, అంచు దగ్గరైతే పెచ్చు ఊడిపోతుంది. అంత చోటు దొరక్కపోతే కెమికల్ యాంకర్ వాడుకో, అది విచ్చుకోదు, రంధ్రంలో జిగురులా అతుక్కుంటుంది. దానికీ అంచు నుంచి కొంత దూరం కావాలి, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది.

తొందరపడి పోసిన వారానికే డ్రిల్లు పెట్టనివ్వకు. పది రోజులు తడుపు, 28 రోజులు ఆగు. కాంక్రీటు పూర్తి బలం లెక్క అప్పటికే. హ్యామర్ డ్రిల్లుతో నిటారుగా కొట్టాలి. బోల్టు మూడంగుళాలకు తగ్గకుండా దిగాలి, రంధ్రం ఇంకో అర అంగుళం లోతు కొట్టి బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకోమను. కొట్టాక లోపల సిమెంటు పొడి నిండి ఉంటుంది, పని కుర్రాళ్లు దాన్ని పట్టించుకోరు. ఊది, బ్రష్షు తిప్పి, మళ్లీ ఊదాలి. పొడి మీద బిగించిన బోల్టు బిగిసినట్టే ఉంటుంది కానీ పట్టు ఉండదు. నువ్వే దగ్గర నిలబడి చేయించు. పానాకి పైపు తొడిగి బలమంతా పెట్టి బిగించనివ్వకు, ప్యాకెట్ మీద ఎంత బిగించాలో రాసి ఉంటుంది.

దూలాల కోసిన కొసలకు షూలో పెట్టకముందే రెండు మూడు చేతులు ఎపాక్సీ పట్టించాలి. చెక్క నీళ్లు ఎక్కువగా తాగేది ఆ కొస నుంచే. అంతా అయ్యాక మేస్త్రి ఆ అంగుళం సందు చూసి “ఇది అసహ్యంగా ఉంది, సిమెంటు పూసేస్తా” అంటాడు. వద్దని ముందే చెప్పి ఉంచు.

మొదటి వానాకాలం వెళ్లాక చెక్కలోని బోల్టులు ఒకసారి బిగించుకో, కర్ర ముడుచుకుని వదులవుతాయి. ఇప్పటికి చెయ్యాల్సింది ఒకటే. దిమ్మకు రాడ్లు కట్టించాక, కాంక్రీటు పోయకముందు, పక్కన టేపు పెట్టి ఫొటో తీసి పంపు. బోల్టు రంధ్రాలు ఎక్కడ వస్తాయో చూసి రాడ్డు అడ్డం రాకుండా గుర్తులు పెట్టి ఇస్తాను.

అక్కయ్యను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య