శవాలకు పెట్టే మందు టీకాలో ఎందుకు?

ప్రశ్న: మా బాపుకు 67 ఏళ్లు, షుగర్ ఉంది. వానలు పడకముందే ఫ్లూ టీకా వేయించమని డాక్టర్ చెప్పారు. అందులో వైరస్‌ను ఫార్మలిన్‌తో చంపుతారని ఎవరో అంటే, "శవాలకు పెట్టే మందు నాకెందుకు బిడ్డా?" అని బాపు మొండికేశాడు. నాకూ టెన్షన్‌గా ఉంది. అయినా చచ్చిన వైరస్ ఏం పని చేస్తుంది సార్?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: బాపు భయపడడంలో తప్పేమీ లేదమ్మా. హన్మకొండలో నేను జువాలజీ చెప్పినన్నాళ్లూ ల్యాబ్‌లో ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండేవి. అయితే మీ రెండో ప్రశ్నకు జవాబు ఆ ల్యాబ్‌లో ఫార్మలిన్ జాడీలోని కప్పలోనే ఉంది. బయటికి తీస్తే ఒళ్లంతా రబ్బరులా బిగుసుకుని ఉంటుంది, వెనక కాలివేళ్ల మధ్య పల్చటి పొర మాత్రం చెక్కుచెదరదు. ఫార్మలిన్ అంటే ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం కలిపిన నీళ్లే. ఆ ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్ గొలుసుల్లోని లైసిన్ వంటి అమైనో ఆమ్లాలను, అంటే ఆ గొలుసుల పూసలను పట్టుకుని, పక్కపక్క గొలుసులను కలిపి కుట్టేస్తుంది. కదలిక పోతుంది, ఆకారం మిగులుతుంది.

ఫ్లూ వైరస్ పైన హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ ముళ్లు ఉంటాయి. అవి మన శ్వాసనాళాల కణాలకు అతుక్కుని, తర్వాత రూపం మార్చుకుంటేనే వైరస్ లోపలికి దిగగలదు. కుట్లు పడ్డాక అది సాగదు. లోపలి ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యు పదార్థం) కూడా దెబ్బతింటుంది కాబట్టి వైరస్ పెరగలేదు. ముళ్ల రూపం చాలావరకు నిలుస్తుంది కనుక ఒళ్లు దాన్ని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. ఫార్మలిన్ మోతాదు మించితే ఆ రూపమూ చెడి టీకాలో పస తగ్గుతుంది. అందుకే ఈ పని చాలా జాగ్రత్తగా చేస్తారు. 1940లలో అమెరికాలో థామస్ ఫ్రాన్సిస్, జోనస్ సాల్క్ ఫార్మలిన్‌తోనే ఫ్లూ టీకా తయారు చేశారు. ఇప్పుడు కొన్ని టీకాలకు ఫార్మలిన్ బదులు బీటా ప్రొపియోలాక్టోన్ అనే రసాయనం వాడుతున్నారు, అది నీళ్లలో తనంతట తానే విరిగిపోతుంది.

ఫార్మలిన్ వాడిన టీకాలోనూ శుద్ధి చేశాక ఒక డోసులో మిగిలే ఫార్మాల్డిహైడ్ మిల్లీగ్రాములో పదో వంతుకు మించదు. మన ఒళ్లు తనంతట తానే దాన్ని తయారు చేస్తుంది, రక్తంలో లీటరుకు 2–3 మిల్లీగ్రాముల దాకా ఎప్పుడూ ఉంటుంది. ఈ లెక్క బాపుకు కూర్చోబెట్టి చెప్పండి.

షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఫ్లూ వస్తే న్యుమోనియా దాకా పోవచ్చు, కాబట్టి వేయించమనే నా మాట. టీకా పని చేయడానికి రెండు వారాలు పడుతుంది. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఎక్కువ కనుక మే నెలలోనే తీసుకెళ్లండి. ముళ్ల రూపం మారుతూ ఉంటుంది, ఏటా వేయించాలి. ఇంతకుముందు ఏ టీకాకైనా తీవ్రమైన అలెర్జీ వచ్చి ఉంటే మాత్రం డాక్టర్‌కు ముందే చెప్పండి.