చిన్నీ, బడిలో చేరేముందు ఒక్క మాట

చిన్నీ,

ఎల్‌బీ స్టేడియంలో నియామక పత్రం పట్టుకుని నువ్వు దిగిన ఫొటో మీ అమ్మ వాట్సాప్‌లో పెట్టింది. ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు. మన ఇంట్లో నా తర్వాత పంతులమ్మవి నువ్వే. కానీ నిన్న ఫోన్లో "పెద్దమ్మా, నా క్లాసులో పరీక్షలు ఉండవు, పిల్లల్ని ఏమీ అడగను, నేను పడ్డ టెన్షన్ వాళ్ళు పడకూడదు" అన్నావు చూడు, దాంతో రాత్రి నిద్ర పట్టలేదు. ఆ హాస్టల్లో వారం వారం ర్యాంకులు గోడకంటిస్తే నువ్వు బాత్రూంలో కూర్చుని ఏడ్చేదానివని నాకు తెలుసు, అందుకే అప్పుడు వాదించలేదు.

సర్టిఫికెట్లు రెండు సెట్లు జిరాక్స్ తీయించుకో, ప్రార్థనకి పావుగంట ముందే వెళ్ళు, మొదటి వారంలోనే పిల్లల పేర్లు నేర్చుకో. ఇవి నీకు తెలిసినవే.

నాకు చిన్నప్పుడు ఎక్కాలు వచ్చేవి కావు. మూడో తరగతిలో మా సారు నన్ను నల్లబల్ల దగ్గర నిలబెట్టేవారు, పదమూడో ఎక్కం సగంలో ఆగిపోతే క్లాసంతా నవ్వేది, ఆయనా నవ్వేవారు. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అందుకే నేను టీచర్‌నయ్యాక ఒట్టు పెట్టుకున్నాను, నోరు విప్పని పిల్లని లేపి అడగనే అడగనని.

ఉద్యోగంలో నాలుగో ఏడు. పాలమూరు నుంచి పనికొచ్చిన తాపీమేస్త్రీ కూతురు ఒకతి మూడో తరగతిలో కిటికీ పక్కన కూర్చునేది. అల్లరి లేదు. అందరూ కలిసి చదివితే తనూ పెదాలు కదిపేది. ఏడాదంతా ఒక్కసారి కూడా లేపలేదు, పైగా ఈ పిల్ల నా దగ్గర భయం లేకుండా ఉందని మురిసిపోయాను! మార్చిలో ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని పాఠం మధ్యలో ఒక లైను చూపించి చదవమన్నాను. పేజీ మొదటికి వెళ్ళి అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. వేలు ఒక మాట మీద ఉంటే నోరు రెండు మాటలు ముందుకెళ్ళిపోతోంది. విని విని అంతా బట్టీ పట్టేసింది తల్లి. విడిగా 'బ' రాసి చూపిస్తే అక్షరం వైపు చూడలేదు, నా మొహంలోకి చూసింది.

బడి వదిలాక మూడు వారాలు కూర్చోబెట్టాను. గుణింతాల దాకా వచ్చాం. ఉగాది వెళ్ళగానే అక్కడ పని అయిపోయి వాళ్ళు ఎటో వెళ్ళిపోయారు, టీసీ కూడా తీసుకోలేదు. ఇప్పుడా పిల్లకి నలభై దాటి ఉంటాయి. బస్సు మీద బోర్డు చదువుకోగలుగుతోందో లేదో.

నేను ఆ ఏడాదంతా మందు వేసింది నా పాత గాయానికమ్మా, ఆ పిల్లకి కాదు.

డాన్ లార్టీ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1975లోనే రాశాడు, స్కూలు చదువు ముగిసేసరికి ఎవరైనా సుమారు 13,000 గంటలు టీచర్లని చూస్తూనే గడుపుతారని, పాఠం చెప్పే తీరు సగం అక్కడే ఒంటబడుతుందని. కానీ బెంచీ మీంచి మనకి సారు చేసే పనే కనిపిస్తుంది, ఆయన ఎందుకలా చేస్తున్నాడో కనిపించదు. నీకు గోడ మీది ర్యాంకులు కనిపించాయి. ఎవరికి ఏం రాలేదో తెలుసుకోవడానికి అడగాలన్నది కనిపించలేదు, ఎందుకంటే అక్కడ ఎవరూ అందుకోసం అడగలేదు.

కొట్టడమూ, మానసికంగా వేధించడమూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం తప్పు, 2010 నుంచీ అమల్లో ఉంది. నువ్వు చెయ్యి ఎత్తవని నాకు తెలుసు. నా భయం నీ మంచితనం గురించే. ర్యాంకులు పెట్టకు, గోడకి ఏదీ అంటించకు, కానీ వారానికోసారి ప్రతి పిల్లా నీ కుర్చీ పక్కన నిలబడి, నీకు మాత్రమే వినపడేలా, పాఠం మధ్యలోంచి నాలుగు లైన్లు చదవాలి. ఎక్కడ ఆగిందో రాసుకో. అలసిపోయాననో, పాపం బెదురుతోందనో వదిలేశావంటే నేనే వచ్చి నీ క్లాసులో కూర్చుంటాను.

దసరా సెలవులు అయ్యేలోపు ఒకసారి నల్లకుంట రా, గారెలు చేస్తాను. నా పాత రిజిస్టర్ అటక మీంచి దింపించాను. ఆ పిల్ల పేరుకి ఎదురుగా మూడే మూడు వారాల గడులు నిండి ఉన్నాయి, చూద్దువుగాని.

మీ పెద్దమ్మ