అమ్మాయి తెలుగు టీచర్. తర్వాత ఏంటి?

ప్రశ్న: మా అమ్మాయికి 2024 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ తెలుగు పోస్టు వచ్చింది. నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చేస్తోంది. పిల్లలచేత రాయించడమంటే తనకి ప్రాణం. ఊరి స్టేజీ దగ్గర బస్సు ఆపట్లేదని తొమ్మిదో తరగతి పిల్లలతో డిపో మేనేజర్‌కి ఉత్తరం రాయించింది. ఆ ఒక్క ఉత్తరం మీదే రెండు వారాలు కూర్చుంది. ఇది ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగమని, సెలవు పెట్టి గ్రూప్స్ కోచింగ్‌కి అశోక్‌నగర్ పంపమని బంధువులు అంటున్నారు. తనేమో వెళ్ళనంటోంది. ఏం చెయ్యమంటారు మేడం? పిల్లల ఉత్తరాల ఫొటోలు రెండు పంపుతున్నాను.

జవాబు: నమస్కారమండీ. ముందుగా ఆ ఫొటోల గురించే చెప్తాను. మొదటి కాగితంలో ‘మా గ్రామమునకు బస్సు సౌకర్యము లేనందున విద్యార్థులు తీవ్ర ఇబ్బందులు ఎదుర్కొనుచున్నారు’ అని ఉంది. ఇది గైడులో వాక్యం. పదో తరగతి జవాబు పత్రాలు దిద్దినన్నాళ్ళూ ఊరి పేరు మారుతూ ఇదే వాక్యం నాకు కనిపించేది. రెండో కాగితం అదే పిల్లాడిది: ‘పొద్దున ఎనిమిదింటి బస్సు పోయిన వారంలో నాలుగు రోజులు మా స్టేజీలో ఆగలేదు. మేం పదకొండు మందిమి నడిచి వెళ్ళేసరికి మొదటి పీరియడ్ అయిపోయింది.’ ఈ రెండు కాగితాల మధ్య మీ అమ్మాయి ఎన్ని ప్రశ్నలు అడిగి ఉంటుందో నేను ఊహించగలను. ఎన్నింటి బస్సు? ఎన్ని రోజులు? ఎంతమంది? చదివే ఆయనకి ఏం తెలియాలి? ఎర్ర ఇంకుతో అక్షర దోషాలు సున్నాలు చుట్టి వదిలేస్తే ఈ మార్పు రాదు. ఈ పని చేతనైనవాళ్ళు తక్కువ. అందుకే బంధువుల మాట మీద తొందరపడొద్దని చెప్తున్నాను.

ప్రమోషన్ల సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. స్కూల్ అసిస్టెంట్ నుంచి గెజిటెడ్ హెడ్మాస్టర్ పదోన్నతి సీనియారిటీ మీద వస్తుంది, దానికి ఏళ్ళు పడుతుంది. ఎం.ఏ. తెలుగు ఉంటే జూనియర్ లెక్చరర్ పరీక్ష రాసుకోవచ్చు. పీజీతో పాటు ఎం.ఎడ్. కూడా ఉంటే డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) లెక్చరర్ నోటిఫికేషన్ పడినప్పుడు దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడైతే కాబోయే టీచర్లకి రాయించడం ఎలాగో నేర్పే అవకాశం దొరుకుతుంది కాబట్టి, ఎం.ఎడ్. లేకపోతే వచ్చే నాలుగైదేళ్ళలో అది పూర్తి చెయ్యమని నా సలహా.

ఈ మెట్లు అందరికీ ఉన్నవే. తనలాంటి వాళ్ళకి ఇంకో దారి ఉంది. అది బయటివాళ్ళకి పెద్దగా కనపడదు. ఇంట్లో తెలుగు పాఠ్యపుస్తకం ఉంటే మొదటి పేజీలు తిప్పి చూడండి. రచయితల పేర్ల పక్కన ‘స్కూల్ అసిస్టెంట్, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అని చాలా చోట్ల కనిపిస్తుంది. మన పిల్లలు చదివే పుస్తకాలు రాసినవాళ్ళలో బళ్ళో పాఠం చెప్పే టీచర్లు ఎందరో ఉన్నారు. టీచర్ల కరదీపికలు, శిక్షణ మాడ్యూళ్ళు తయారుచెయ్యడానికి కూడా రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) ఇలాంటి వాళ్ళనే పిలుస్తుంది. చుట్టుపక్కల బళ్ళ టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో బాగా చెప్పినవాళ్ళు జిల్లాలో మిగతా టీచర్లకి శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లు అవుతారు. వాళ్ళలో కొందరు రాష్ట్ర స్థాయికి వెళ్తారు. దీనివల్ల జీతం పెరగదు. కానీ ఒక తరగతికి చెప్పేది జిల్లాలో టీచర్లందరికీ చెప్పే అవకాశం వస్తుంది.

అమెరికాలో ఈ పద్ధతి మీదే ఒక పెద్ద ఉద్యమం నడిచింది. 1974 వేసవిలో జేమ్స్ గ్రే అనే ఆయన కాలిఫోర్నియాలో బర్కిలీ విశ్వవిద్యాలయానికి 25 మంది టీచర్లని పిలిచారు. స్కూల్ నుంచి యూనివర్సిటీ దాకా అన్ని స్థాయిల్లో చెప్పేవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. పైనుంచి నిపుణులు వచ్చి ఉపన్యాసాలు దంచే శిక్షణ కాదది. ఎవరి తరగతిలో ఏది పనిచేసిందో వాళ్ళే మిగతావాళ్ళకి చేసి చూపించారు. టీచర్లు తామూ కూర్చుని రాశారు, రాసింది ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. తర్వాత తమ ప్రాంతాల్లో మిగతా టీచర్లకి వాళ్ళే నేర్పారు. అదే పెరిగి నేషనల్ రైటింగ్ ప్రాజెక్ట్ అయ్యి దేశమంతా పాకింది. రాయడం నేర్పేవాళ్ళు తామూ రాయాలి, టీచరుకి నేర్పడానికి మరో టీచరే తగినవాళ్ళు అన్న రెండు నమ్మకాల మీద అది నిలబడింది. దీనికి మనదగ్గర కొత్త భవనం అక్కర్లేదు. కాంప్లెక్స్ సమావేశంలో ఇరవై నిమిషాలు చాలు.

కాబట్టి అమ్మాయిని ఈ ఏడాది ఒక ఫైలు పెట్టుకోమనండి. బాగా రాసేవాళ్ళు ఒకరు, మధ్యస్థంగా ఒకరు, పెన్ను పట్టాలంటేనే టెన్షన్ పడేవాళ్ళు ఒకరు, ఇలా ముగ్గురు పిల్లల్ని ఎంచుకుని, జూన్‌లో రాసింది, మార్చిలో రాసింది, మధ్యలో కొట్టివేతలతో ఉన్న చిత్తుప్రతులు, అన్నీ తేదీ వేసి దాచాలి. చిత్తుప్రతి పారేస్తే తను ఏం చేసిందో చూపించడానికి ఏమీ మిగలదు. కాంప్లెక్స్ సమావేశంలో అవకాశం అడిగి, ఆ పిల్లాడి పేరు కనపడకుండా బస్సు ఉత్తరం రెండు ప్రతులూ పంచిపెట్టి, మధ్యలో తనేం అడిగిందో చెప్పమనండి. అవకాశం అడగడానికి మన ఆడపిల్లలు మొహమాటపడతారు. ఇక్కడ మాత్రం మొహమాటం వద్దు.

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం టీచర్లు ఏటా 50 గంటల వృత్తి శిక్షణ పొందాలి. ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షలో నిష్ఠ అనే టీచర్ల శిక్షణ కోర్సులు వరసగా చేసుకోవచ్చు, చెయ్యనివ్వండి. అయితే వీడియో చూసి సర్టిఫికెట్ తీసుకున్నంత మాత్రాన రాయించడం రాదు. ఇంగ్లిష్ చెప్పే తోటి టీచర్లకైతే హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో దూరవిద్యలో పీజీసీటీఈ అనే ఇంగ్లిష్ బోధన పీజీ సర్టిఫికెట్ కోర్సు ఉంది. భాష నేర్పడం మీద గట్టి పునాది కావాలంటే అది మంచి కోర్సు. జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి ఇప్పుడు టీచర్లే స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. వెండి పతకం, 50,000 రూపాయలు ఇస్తారు. అక్కడా చేసిన పనికి ఆధారాలు అడుగుతారు. ఆ రోజుకి ఈ ఫైలే అక్కరకొస్తుంది.

ఒక్క హెచ్చరిక. పేరొచ్చిన టీచర్లని డెప్యుటేషన్ మీద ఆఫీసు పనికి లాగుతారు. నేను చూసిన మంచి టీచర్లలో కొందరు అలా వెళ్ళి మళ్ళీ తరగతికి రాలేదు. కనీసం ఐదేళ్ళు పిల్లల మధ్యే ఉండి, వారం పది రోజుల శిక్షణలకి మాత్రమే బయటికి వెళ్ళడం మేలు.

గ్రూప్స్ రాయాలని తనకే ఉంటే రాయనివ్వండి, అందులో తప్పేమీ లేదు. కానీ వెళ్ళనంటున్నది తనే కదా. ఈసారి ఉత్తరం మీరు కాకుండా అమ్మాయిని రాయమనండి. పిల్లలతో పాటు తనూ రాస్తోందా, ఏం రాస్తోంది, కాంప్లెక్స్‌లో ఏ పాఠం చూపించాలనుకుంటోంది, ఇవన్నీ అందులో ఉండాలి. బస్సు ఇప్పుడు స్టేజీలో ఆగుతోందో లేదో కూడా రాయమనండి.