మాంట్‌గొమరీ క్లిఫ్ట్ మీద వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

ఉభయకుశలోపరి. హాలీవుడ్ నటుడు మాంట్‌గొమరీ క్లిఫ్ట్ మీద నువ్వు రాసిన వ్యాసం, కలం పేరు గురించి నువ్వడిగిన ప్రశ్న అందాయి. వాక్యం చక్కగా నడుస్తోంది. అయితే 1956 మే నెలలో నటి ఎలిజబెత్ టేలర్ ఇంటి విందు నుంచి తిరిగి వెళుతూ క్లిఫ్ట్ కారు స్తంభానికి గుద్దుకున్న రాత్రితో మొదలుపెట్టి, మాత్రల మీదుగా, మద్యం మీదుగా, 1966లో 45 ఏళ్ల వయసులో వచ్చిన చావు దాకా ఒక్క బిగిన లాక్కుపోయావు. అతను నటించిన సన్నివేశం మాత్రం మచ్చుకు ఒక్కటీ లేదు. చదువుతుంటే ఒళ్లు మండింది.

నటుడి జీవితం రాయదలచినవాళ్లు ముందు అతని పని చూడాలి. 'ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ' (1953)లో అతను బాకా ఊదే సైనికుడు. తెరమీద వినిపించేది మరొకరి బాకాయేనని తెలిసినా, గొంతూ పెదవులూ కదిలే తీరు సరిగ్గా ఉండాలని పట్టుబట్టి ఆ విద్య నేర్చుకున్నాడు. చూపుతో సరిపోతుందనుకున్న చోట తన సంభాషణలను తానే కొట్టేసేవాడు.

'జడ్జ్‌మెంట్ ఎట్ న్యూరెంబర్గ్' (1961) మళ్ళీ చూడు. పారితోషికం పుచ్చుకోకుండా చేసిన చిన్న పాత్ర అది. మందబుద్ధి అన్న నెపంతో నాజీలు బలవంతంగా సంతానం లేకుండా చేసిన మనిషిగా కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వస్తాడు. కుందేలు, వేటగాడు, పొలం అన్న మూడు మాటలతో ఒక వాక్యం చెప్పమని న్యాయవాది అడిగితే, ఆ మూడింటినే తడుముకుంటూ తిప్పి తిప్పి పలుకుతాడు; ఆ తరువాత తల్లి ఫోటో తీసి చూపి, ఈమె మందబుద్ధిదేనా చెప్పమని నిలదీస్తాడు. ఆ వణుకు నటన కాదు, అతని అసలు స్థితే అని అందరిలాగే నువ్వూ రాశావు. వణుకు ఎక్కడ ఆపి ఫోటో ఎప్పుడు పైకెత్తాలో తెలిసినవాడిని నటుడు కాక మరేమంటారు? ప్రమాదానికి ఎంతో ముందే, 'రెడ్ రివర్' (1948)లో, జాన్ వేన్ అంతటి పెద్ద తార ఎదుట గొంతు పెంచకుండా నిలబడ్డవాడు అతను.

నా రోజుల్లో ఒక వారపత్రికకు ఒక నటి అభినయం గురించి రాసి ఇస్తే, సంపాదకుడు ఆ పేరాలే కత్తిరించి, ఆమె పెళ్లి చెడిన సంగతిని శీర్షికగా పెట్టి అచ్చువేశాడు; పైగా పాఠకుడికి కావలసింది అదేనని నాకు పాఠం చెప్పాడు. వచ్చిన డబ్బుతో ఇంటి అద్దె కట్టాను గాని, ఆ సంచికను ఇంట్లో ఉంచలేదు. ఆయన శిష్యపరంపరే ఇప్పుడు యూట్యూబులో విషాదగాథలు వినిపిస్తోంది.

కలం పేరు సంగతి తరువాత చూద్దాం. 1935లో పద్నాలుగేళ్ల పిల్లవాడు న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే రంగస్థలం ఎక్కిన దగ్గర మొదలుపెట్టు. పదేళ్లకు పైగా నాటకాలలో ఆరితేరాకే అతను కెమెరా ముందుకు వచ్చాడు. హాలీవుడ్ దీర్ఘకాలిక ఒప్పందాలను అతను ఎందుకు కాదన్నాడో అప్పుడు నీకే అర్థమవుతుంది. ఈసారి పెద్ద అక్షరాలతో టైపు చేసి పంపు, నాకు చూపు ఆనడం లేదు.