బ్రికెట్ యూనిట్‌కి సబ్సిడీ ఉంది సరే, నాన్నగారి డబ్బులు మాత్రం కదపకండి

ప్రశ్న: మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె. ఇక్కడ పత్తి కట్టె అంతా చేలల్లోనే కాల్చేస్తారు. దాంతో బ్రికెట్లు, అంటే బాయిలర్లలో కాల్చే గట్టి ఇంధన దిమ్మలు చేసే యూనిట్ పెడదామనుకుంటున్నా. గంటకి టన్ను మిషన్, షెడ్డు కలిపి 48 లక్షలకి కొటేషన్ ఇచ్చారు. కట్టె ఇంటికి చేరేసరికి టన్ను 2,200 పడుతుంది. నా భార్య పేరు మీద పెడితే పీఎంఈజీపీలో (సొంత యూనిట్ పెట్టేవాళ్లకి కేంద్రం ఇచ్చే లోన్ సబ్సిడీ పథకం) 35 శాతం, కేంద్రం బయోమాస్ స్కీంలో ఇంకో 9 లక్షలు, మొత్తం 26 లక్షల దాకా సబ్సిడీ వస్తుందని మిషన్ అమ్మేవాళ్లు అంటున్నారు. నాన్నకి రిటైర్మెంట్‌లో వచ్చిన 15 లక్షలు, సొంత ట్రాక్టర్, కొంచెం బంగారం ఉన్నాయి. దిగొచ్చా?

జవాబు: తమ్ముడూ, మీ ఆలోచన మంచిది, అది ముందే చెప్తున్నా. పత్తి కట్టె చేలో ఎక్కువ రోజులు ఉంటే గులాబీ పురుగు మళ్లీ వచ్చే పంటకి అంటుకుంటుందని వ్యవసాయ అధికారులు ఏటా మొత్తుకుంటూనే ఉంటారు, రైతుకి కూలీ దండగ అని అగ్గి పెట్టేస్తాడు, మీరొచ్చి పీక్కెళ్తానంటే ఎవరూ వద్దనరు. నా భయమల్లా మీకు చెప్పిన సబ్సిడీ లెక్క గురించే.

ఆ 26 లక్షలు రావు. ఇంకేదైనా ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కి పీఎంఈజీపీ ఇవ్వరు, అది ఆ పథకం రూల్‌లోనే ఉంది, కాబట్టి రెండూ కూడి చూపించినవాడు మిషన్ అమ్మడానికి చూపించాడు. ఏదో ఒకటే అనుకోండి. పీఎంఈజీపీ అయితే పల్లెలో మహిళ పేరు మీద 35 శాతం, అంటే 48 లక్షలకి 16.8 లక్షలు, మీ వాటా 5 శాతం, కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. ఆ డబ్బు కూడా చేతికి రాదు, బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తుందని తేలాక లోన్‌లో సర్దుతారు. రెండోది మీరు రాసిన బయోమాస్ స్కీం, దాని పేరు జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమం, 2022 నవంబర్‌లో గైడ్‌లైన్స్ వచ్చాయి, బ్రికెట్లకి గంటకి టన్ను కెపాసిటీ చొప్పున 9 లక్షలు, ఎంత పెద్ద యూనిట్ అయినా 45 లక్షలు దాటదు, అదీ కట్టి, నడిపి, తనిఖీ అయ్యాకే. రెండు పథకాలకీ ప్రకటించిన గడువు 2025-26 ఆర్థిక సంవత్సరం, అందుకని మీరు అప్లై చేసే రోజుకి ఏది నడుస్తుందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి కాగితం మీద రాయించుకోండి.

సరే, 16.8 వచ్చిందనే అనుకుందాం, మీ వాటా 2.4 పోను 28.8 లక్షల అప్పు మిగులుతుంది, 11 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే అసలూ వడ్డీ కలిపి నెలకి దాదాపు 49 వేలు. బ్రికెట్ అమ్ముడైనా కాకపోయినా కట్టాలి.

అసలు గొడవ కట్టెలో ఉంది, రేటు రాశారు గానీ ఏడాదికి ఎంత కావాలి, ఎలా నిల్వ పెట్టాలి అన్నది మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. గంటకి టన్ను, రోజుకి 8 గంటలు, 300 రోజులు అంటే 2,400 టన్నులు, ఎకరానికి ఎండుకట్టె అటూ ఇటూగా టన్ను వస్తుందనుకున్నా 2,400 ఎకరాల పత్తి కావాలి, పైగా అది ఏడాదంతా దొరకదు, పత్తి తీతలు అయిపోయిన దగ్గర్నుంచి మళ్లీ దుక్కి దున్నేలోపు కొని కుప్ప పెట్టాలి. సగం సరుకు నిల్వ పెట్టినా 1,200 టన్నులకి మీ రేటు ప్రకారమే 26 లక్షల 40 వేలు. ఇది ఆ కొటేషన్‌లో లేదు! 2018లో కేంద్రం సతత్ అని ఒక పథకం పెట్టి 2023-24 కల్లా 5,000 బయోగ్యాస్ ప్లాంట్లు అన్నారు, గడువు అయ్యేసరికి ఆ దరిదాపుల్లోకి కూడా రాలేదు, గడ్డీ చెత్తా ఏడాది పొడుగునా తెచ్చుకోవడం డబ్బున్న కంపెనీలకే కష్టమైంది. ప్రకాశం జిల్లాలో వంద కోట్లు దాటిన బయోగ్యాస్ ప్లాంట్ అని మనం వార్తల్లో చూసేవి ఆ లెవెల్ వాళ్లవి, వాటికిచ్చే రాయితీలు చూసి మన లెక్క వేసుకోకూడదు.

నా దగ్గరికి సలహాకి వచ్చే ఒకాయన యూనిట్‌కి ఓసారి వెళ్లా, రెండు రోజుల ముందు అకాల వర్షం పడింది, పైన టార్పాలిన్ కప్పే ఉంది, కుప్ప మధ్యలో చెయ్యి పెడితే ఆవిరి కొట్టినట్టు వేడి, తీసి చూస్తే కట్టె నల్లబడి బూజు. అదే మిషన్‌లో వేస్తే బ్రికెట్ బయటికి రావడం రావడమే అడ్డంగా పగిలి చేతిలో పొడి పొడి అయింది. ఆ నెల ఈఎంఐ వాళ్లావిడ గాజులు పెట్టి కట్టారు. అందుకే చెప్తున్నా, మీ ఇంటి బంగారం ఈ లెక్కలోకి తేకండి.

నేనైతే ఇలా చేస్తా. మీకు ట్రాక్టర్ ఉంది కదా, ఈ సీజన్‌కి ష్రెడర్ (కట్టెని ముక్కలు చేసే మిషన్) అద్దెకి తీసుకుని కట్టె పొట్టు చేసి ఇప్పటికే నడుస్తున్న బ్రికెట్ యూనిట్‌కి తోలండి, ఎకరానికి నిజంగా ఎన్ని క్వింటాళ్లొచ్చింది, కూలీ ఎంత, డీజిల్ ఎంత, వేబ్రిడ్జి దగ్గర తేమ పేరుతో ఎంత కోశారు, అన్నీ నోట్‌బుక్‌లో రాయండి. కుదిరింది అనిపిస్తే సొంత ష్రెడర్ కొనేటప్పుడు వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో చిన్న సన్నకారు రైతులకి, మహిళలకి 50 శాతం, మిగతావాళ్లకి 40 శాతం దాకా ఉంటుంది, మీ మండల వ్యవసాయ అధికారిని కలవండి. తర్వాత బాయిలర్ నడిపే రైస్‌మిల్లో ఫ్యాక్టరీయో ఒక్కటి చూసుకుని ఏడాదికి ఇన్ని టన్నులు, ఈ రేటుకి కొంటాం అని లెటర్ తెచ్చుకోండి, ఆ లెటర్ చేతికొచ్చాకే యూనిట్ మాట. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, మాత్రం మొదటి రోజే చేయించండి, చిన్న యూనిట్లకి 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని చట్టం ఉంది, బాకీ అడగడానికి అదొక పట్టు.

ఇక నాన్నగారి 15 లక్షలు. ఆయనకి 60 దాటి ఉంటే పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీంలో వేయించండి, 2023 ఏప్రిల్‌లో 8.2 శాతం చేశారు, ఆ లెక్కన మూడు నెలలకోసారి 30,750 వస్తుంది. ఆయన మందులూ ఇంట్లో ఉప్పూ పప్పూ దాంతో గడిచిపోతే మీరు ధైర్యంగా కట్టె వ్యాపారం నేర్చుకోవచ్చు. వేసేముందు ఆ రోజు రేటు ఎంతుందో కౌంటర్‌లో అడగండి. సీజన్ అయ్యాక ఆ నోట్‌బుక్ లెక్కలు నాకు పంపండి, మీ భార్యని కూడా కూర్చోబెట్టుకుని ఫోన్ చేయండి, లోన్ ఆవిడ పేరు మీద కాబట్టి ఆవిడతో మాట్లాడాకే ముందుకెళ్దాం.